సమజ్ కాలె, మళ్ల చెప్పుండ్రి

పోయిన వారం అమ్మను కళ్ల డాక్టరుకు చూపించడానికి పటాన్‌చెరులో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాను. కంట్లో చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. మేం కూర్చున్న బెంచీకి ఎదురుగా ఐసీయూ తలుపు. దాని ముందు ఒక కుటుంబం నిలబడి ఉంది. లోపలి నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, "ప్రస్తుతానికి స్టేబుల్‌గా ఉన్నారు. కానీ ప్రోగ్నోసిస్ పూర్. మీరు కొంచెం ప్రిపేర్డ్‌గా ఉండాలి" అని చెప్పి వెళ్లిపోయాడు.

అందరూ తలలూపారు. ముందు నిలబడ్డ పెద్దాయన మరీ ఎక్కువగా ఊపాడు. డాక్టరు మలుపు తిరిగాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏమన్నడు?" అంది వెనకాల ఉన్న ఆడమనిషి.

"మంచిగనే ఉన్నడంట. స్టేబుల్ అన్నడు గద."

"మరి పూర్ అన్నడేంది?"

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "మనం పూర్ అని" అన్నాడు చివరికి.

"మనం పేదోళ్లమని గాయనకెట్ల ఎర్క?"

నేను లేచి వాళ్ల దగ్గరికి వెళ్లాను. కోలుకునే ఆశ తక్కువన్న ఆ మాట అర్థం చెప్పడానికి నేనెవర్ని, లోపల ఉన్న మనిషి సంగతి నాకేం తెలుసు? అందుకని, "డాక్టర్ని ఇంకోసారి అడగండి, విడమరిచి చెప్తారు" అని మాత్రం అన్నాను. పెద్దాయన మర్యాదగా నవ్వి, "బిజీ ఉంటడు సారు. మళ్ల మళ్ల అడిగితె మంచిగుండదు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమె. ఆమె అయితే ఆ డాక్టర్ని మలుపు తిరగనిచ్చేది కాదు.

ఆమె చిట్కుల్‌లో మా ఇంటి ఓనరమ్మ. నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో చేరాక, డ్యూటీకి దగ్గరగా ఉంటుందని వాళ్ల మేడ మీది వాటా కిరాయికి తీసుకున్నాం. కింద ఆమె, ఆమె భర్త. వెనకాల వరసగా గదులు. వాటిలో ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. భూమి చాలావరకు ప్లాట్లుగా పోగా మిగిలిన ముక్కలో ఆయన కూరగాయలు పండించేవాడు. ఊళ్లో ఆయన్ని పటేలా అనేవాళ్లు. ఆమెను అందరూ అక్క అనేవాళ్లు. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. ఒకసారి ఆస్పత్రిలో నర్సు పేరు పెట్టి పిలిస్తే ఆమె కూడా వెంటనే లేవలేదు. ఇంకెవరినో అనుకుంది.

పొడుగు మనిషి. నడుముకు తాళాలగుత్తి. ఎవరైనా మాట్లాడుతుంటే మెడ ఒక పక్కకు వంచి, ఒక కన్ను చికిలించి వినేది. తెలియని మాట వచ్చిందంటే చాలు, కుడి అరచెయ్యి ఎత్తేది, రోడ్డు మీద బస్సు ఆపినట్టు. "ఆగుండ్రి. సమజ్ కాలె. మళ్ల చెప్పుండ్రి" అనేది. దాహమేస్తోంది, మంచినీళ్లు ఇవ్వండి అన్నట్టుగా ఉండేది ఆ అడగడం. అందులో సిగ్గూ లేదు, పొగరూ లేదు. బ్యాంకులో అడిగేది, కరెంటు ఆఫీసులో అడిగేది, గుడిలో పంతులు గారిని కూడా మంత్రం మధ్యలో ఆపి అడిగేది. కానీ అందరికంటే ఎక్కువ అడిగింది డాక్టర్లనే. ఎందుకంటే వెనక గదుల్లో ఎవరికి ఒళ్లు బాగాలేకపోయినా ఆస్పత్రికి వెంట వెళ్లేది ఆమే. వాళ్లకు తెలుగు రాదు, డాక్టరుకు వాళ్ల భాష రాదు, మధ్యలో ఈమె. ఈమెకు వచ్చిన హిందీ ఎలాంటిదంటే, సగం ఉర్దూ, సగం తెలుగు, మిగిలింది చేతులు. "మీకెందుకక్కా ఇంత పరేషాను?" అని మా ఆవిడ ఒకసారి అడిగితే, "నా ఇంట్ల ఉన్నోడు గద. ఏమైందో నాకు ఎర్కుండద్దా?" అంది. ఆ మాటలో దయ కంటే హక్కు ఎక్కువ వినపడింది.

డాక్టర్లు చెప్పిన మాటలు కొన్నిటిని ఇంటికి తెచ్చేది. తెచ్చేదంటే నిజంగానే తెచ్చేది. ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటో దిగిన దగ్గర్నుంచి పెదాలు కదుపుతూ నడిచేది. దారిలో ఎవరు పలకరించినా పలికేది కాదు. మా మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డాక, నేను "రండక్కా" అంటే, "ఆగు తమ్మీ, మాట పోతది" అని, ముందు ఆ మాట నా ముందు పెట్టేది.

"క్రియాటినిన్. క్రియాటినిన్ అంటె ఏంది?"

నాకేం తెలుసు? నేను మందుల కంపెనీలో నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తాను. బిళ్ల బరువు, గట్టితనం, నీళ్లలో ఎంతసేపటికి కరుగుతుంది, స్ట్రిప్ మీద తేదీ సరిగ్గా పడిందా లేదా, ఇదీ నా పని. ఆ బిళ్ల ఏ రోగానికో డబ్బా మీద చూసి తెలుసుకునేవాణ్ని. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మలేదు. "మందులు జేసెటోనికి రోగం ఎర్కలేదా? మరి దేనికి జేస్తున్నవ్?" అనేది.

కాబట్టి ఫోన్లో వెతికేవాణ్ని. ఫోను ఇంగ్లిషులో చెప్పింది నేను తెలుగులో చెప్పేవాణ్ని. నా తెలుగు ఆమెకు ఇంకో చిక్కు. మా నాన్న తెనాలి వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికొచ్చి క్వార్టర్స్‌లో స్థిరపడ్డవాడు. నేను ఇక్కడే పుట్టినా ఇంట్లో మాట ఆ వైపుదే. పైగా ఫోను ఇచ్చే తెలుగు ఏ వైపుదీ కాదు.

"అక్యూట్ అంటే?" అని అడిగింది ఒకసారి. వెనక గదిలో ఉండే బీహారు మనిషికి పచ్చకామెర్లు వచ్చాయి. అక్యూట్ అని డాక్టరు చెప్పాడట.

"తీవ్రమైనది అక్కా."

"అయ్యో" అని గుమ్మంలోనే కూలబడింది. ఆ రోజంతా కింద వాళ్లింట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. ఆ మనిషి మాత్రం పథ్యం చేసి, మందులు వాడి, కొన్నాళ్లకు కళ్లు తెల్లబడి, మళ్లీ డ్యూటీకి పోయాడు.

ఇంకోసారి క్రానిక్ అన్న మాట తెచ్చింది. ఈసారి కిడ్నీలు. చివరి గదిలో ఉండే పెద్దవయసు వాచ్‌మన్‌కు.

"దీర్ఘకాలికం."

"గది తెలుగా?"

"అంటే చాలాకాలంగా ఉన్నది, ఇంకా చాలాకాలం ఉండేది."

"అంటె తీవ్రం గాదు గద? మంచిదే" అని నిమ్మళపడి దిగిపోయింది. ఆ వాచ్‌మన్ నెమ్మదినెమ్మదిగా మొహం ఉబ్బి, కాళ్లు ఉబ్బి, చివరికి పని చెయ్యలేక కొడుకు వెంట సొంతూరికి వెళ్లిపోయాడు. తర్వాత అతని సంగతి తెలియలేదు.

ఆమె ఈ రెండూ మనసులో పెట్టుకుని నన్ను నిలదీసింది. "తీవ్రం అన్నవ్, వాడు లేచిండు. పాతది అన్నవ్, వీడు పాయె. నీ తెలుగు ఉల్టా ఉన్నది తమ్మీ."

నేను మళ్లీ వెతికాను. అక్యూట్ అంటే ఉన్నట్టుండి వచ్చింది అని కూడా ఉంది, ఎంత ప్రమాదమో ఆ మాట ఒక్కటే చెప్పదట. క్రానిక్ అంటే లోపల మెల్లగా, వదలకుండా ఉండిపోయేది, తేలికైనదని కాదు. అదే చెప్పాను. ఆమె కన్ను చికిలించి విని, "మరి ఏ మాటకు భయపడాలె?" అంది.

ఆమెకు కావలసింది ఎప్పుడూ అదొక్కటే. మాట మంచిదా, చెడ్డదా. కానీ ఆ మాటలు అలా రెండు వైపులా నిలబడేవి కావు. నెగెటివ్ అంటే మంచిది, పాజిటివ్ అంటే చెడ్డది అని చెప్పినప్పుడు ఆమె నన్ను చాలాసేపు అనుమానంగా చూసింది. "రోగం ఉంటె పాజిటివా? గీ పేర్లు ఎవలు వెట్టిండ్రు?" మర్నాడే పక్కింటి కోడలికి నెల తప్పి, పరీక్షలో పాజిటివ్ వచ్చిందని వాళ్ల అత్త మిఠాయి పంచింది. ఆమె ఆ మిఠాయి చేత్తో పట్టుకుని మా మెట్లెక్కింది. తినాలా వద్దా అన్నట్టు నావైపు చూసింది. బయాప్సీ అంటే పరీక్ష పేరే కానీ రోగం పేరు కాదని మా ఆవిడా నేనూ కలిసి చెప్పినా ఆమెకు నమ్మకం కలగలేదు. "ఊకెనే ఎవరన్న ముక్క కోస్తరా?" అంది. ఒక నర్సు ఎవరి గురించో "ఎక్స్‌పైర్ అయ్యారు" అనడం విని వచ్చి, "మీ కంపెనీల గోలీల మీద రాస్తరు సూడు, గదే మాట. మనిషికి గూడ డేట్ ఏస్తరా?" అని అడిగింది. ఆ రోజు డ్యూటీలో ప్రతి తేదీనీ రెండుసార్లు చూశాను.

ఆమెను తలుచుకున్నప్పుడల్లా నా కళ్ల ముందుకొచ్చేది మాత్రం ఒక మధ్యాహ్నం.

వెనక గదుల్లో ఒడిశా అతను ఒకడుండేవాడు. ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో పని. మంచి వయసు, పాటలు పాడుకుంటూ బట్టలు ఉతుక్కునేవాడు. జ్వరమని పడుకున్నాడు. రెండోరోజుకు మాట తడబడింది. తోటివాళ్లు ఆస్పత్రికి మోసుకెళ్లారు. ఆమె వాళ్ల వెంట వెళ్లింది. నాకు ఆ రోజు సెలవు కావడంతో నన్ను కూడా ఆటో ఎక్కించింది.

ఐసీయూ నుంచి డాక్టరు వచ్చి, "కండిషన్ సీరియస్. షాక్‌లో ఉన్నాడు" అన్నాడు.

ఆ మాట వినగానే తోటి పనివాళ్లలో గొడవ లేచింది. షాక్! వాళ్లలో ఒకడు, ఫ్యాక్టరీలో అతని పక్కనే పనిచేసేవాడు, కోపంతో ఊగిపోయాడు. ఆ మెషీన్ దగ్గర తీగ ఊడి ఉందని ఎప్పట్నుంచో చెప్తున్నామనీ, కరెంటు కొట్టింటుందనీ, కంపెనీవాళ్లు జ్వరమని అబద్ధమాడి పంపేశారనీ హిందీలో అరిచాడు. మిగతావాళ్లు పదండి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి అన్నారు. వాళ్లకు తోడొచ్చిన సూపర్‌వైజర్ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆ రోజు నేను డ్యూటీలో లేను" అంటున్నాడు. కరెంటు తగిలిందని ఎవరూ చూడలేదు. తగల్లేదని కూడా ఎవరూ చెప్పలేకపోతున్నారు. నాకు కూడా ఒక క్షణం అదే నిజమేమో అనిపించింది.

ఆమె వెళ్లి డాక్టరుకు అడ్డంగా నిలబడి అరచెయ్యి ఎత్తింది.

"సారు, ఏ కరెంటు? యాడ తగిలింది?"

"కరెంట్ కాదమ్మా. సెప్టిక్ షాక్."

"సెప్టిక్ ట్యాంకుల వడ్డడా?"

ఎవరో దాన్ని హిందీలోకి మార్చారు. అంతే, గొడవ ఇంకో వైపుకు తిరిగింది. ట్యాంకులోకి ఎవరు దింపారు, ఎందుకు దింపారు. ఆ మధ్యే ఎక్కడో ట్యాంకులోకి దిగినవాళ్లు ఊపిరాడక పోయారని అందరూ విని ఉన్నారు. డాక్టరు విసుగ్గా వాచీ చూసుకున్నాడు. "నేను చెప్పేది వినండి. ఇన్ఫెక్షన్ వల్ల బీపీ ఫాల్ అయింది. ఆర్గన్స్ పెర్‌ఫ్యూజ్ అవట్లేదు."

"సమజ్ కాలె. మళ్ల చెప్పుండ్రి."

"చెప్పాను కదమ్మా!"

"చెప్పిండ్రు సారు. నాకు సమజ్ కాలె. గీ పోరగాండ్లకు గూడ కాలె. వీళ్లు ఇప్పుడు కంపెనీ మీదికి పోతరు. ఆడ లాఠీలు లేస్తయి. వాని తల్లికి ఫోన్ జేసి నేనేం జెప్పాలె? మీ అమ్మకు చెప్పినట్టు చెప్పుండ్రి."

డాక్టరు ఆగిపోయాడు. అతని వయసు కూడా ఎక్కువేం లేదు. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. తెలుగు కోసం వెతుక్కుంటున్నాడని అర్థమైంది. ఇంగ్లిషులో నేర్చుకున్నదాన్ని ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలియక, చివరికి తన కాలే చూపించాడు.

"అతని అరికాల్లో పుండుంది, చూశారా? ఏదో గుచ్చుకుంది. అందులో చీము పట్టింది. ఆ చెడు రక్తంలోకి ఎక్కింది. ఒళ్లంతా పాకింది. దాంతో రక్తపోటు పడిపోయింది. గుండె కొడుతోంది కానీ ఆ రక్తం మెదడుకీ, కిడ్నీలకీ సరిగ్గా అందట్లేదు. దాన్నే మేం షాక్ అంటాం. కరెంటుతో, ట్యాంకుతో దానికి సంబంధం లేదు."

ఆమె మెడ వంచి చివరిదాకా విన్నది. "బతుకుతడా?"

"ఇప్పుడే చెప్పలేం. మందులు పోతున్నాయి. కాలు శుభ్రం చెయ్యాలి, వేళ్లు తీసెయ్యాల్సి రావచ్చు."

"ఇది సమజ్ అయింది" అంది.

తర్వాత ఆ పనివాళ్ల దగ్గరకెళ్లి, తన హిందీలో, తన కాలు ఎత్తి అరికాలు చూపిస్తూ, అదంతా మళ్లీ చెప్పింది. కాల్లో ఇనుప ముక్క గుచ్చుకున్న మాట నిజమేనని, గుడ్డ కట్టుకుని తిరిగాడని అప్పుడు ఒకడు నెమ్మదిగా బయటపెట్టాడు. గేటు దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. ఒడిశాకు ఫోను చేసింది ఆమే. అవతల తల్లి, మధ్యలో మాట మార్చి చెప్పడానికి తోటి పనివాడు. "షాక్ అనకు బిడ్డా" అని ముందే అతన్ని హెచ్చరించింది. "కాలి పుండు ముదిరి జ్వరం గట్టిగ పట్టింది, బండెక్కి రమ్మను. గంతే చెప్పు." నేను అక్కడే ఉన్నాను, కానీ ఎందుకున్నానో నాకు తెలియదు. ఇంగ్లిషు వచ్చిన మనిషినని నన్ను తెచ్చారు.

ఒడిశా అతను బతికాడు. కాలి వేళ్లు కొన్ని పోయాయి. తల్లి వచ్చి తీసుకెళ్లింది. పోయే ముందు ఆ ముసలామె ఈమె చేతులు పట్టుకుని వాళ్ల భాషలో ఏదో చాలాసేపు చెప్పింది. ఈమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ రోజు మాత్రం మళ్లీ చెప్పమనలేదు.

మేం కిష్టారెడ్డిపేటలో అపార్ట్‌మెంటు తీసుకుని వెళ్లిపోదామనుకుంటున్న రోజుల్లో ఆమెకు కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుంది. అందరూ గ్యాసే అన్నారు. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. "అక్యూటే అయ్యుంటది, తగ్గుతది" అంది. ఇస్నాపూర్ డాక్టరు స్కానింగ్ తీయించి, పెద్ద ఆస్పత్రికి వెళ్లమన్నాడు. పటేల్ గారికి లిఫ్టులన్నా ఆస్పత్రి వాసనన్నా భయం. ఆమె నన్ను రమ్మంది.

పెద్ద డాక్టరు నెమ్మదైన మనిషి. కూర్చోబెట్టి, ఇంట్లో సంగతులన్నీ అడిగాడు. "ఫ్యామిలీ హిస్టరీ ఏమైనా ఉందామ్మా?" అంటే, ఆమె వాళ్ల మామగారి తాత నర్సాపూర్ వైపు నుంచి ఎడ్లబండి మీద చిట్కుల్ ఎట్లా వచ్చాడో మొదలుపెట్టింది. ఆయన నవ్వి, కాసేపు వినిపించుకున్నాడు కూడా. తర్వాత స్కాన్ ఫిలిం వెలుగుకు పెట్టి చూసి, నెమ్మదిగా చెప్పాడు.

"ప్యాంక్రియాస్‌లో మాస్ ఉందమ్మా. లివర్‌కి కూడా స్ప్రెడ్ అయింది. సర్జరీ ఆప్షన్ లేదు. ఇక మనం పాలియేటివ్ కేర్‌కి వెళ్దాం. నొప్పి లేకుండా చూసుకుంటాం."

నేను ఆమె కుడిచేతి వైపు చూస్తున్నాను. లేస్తుందని. అన్ని తెలియని మాటలు ఒకేసారి ఎప్పుడూ ఎవరూ ఆమె ముందు వెయ్యలేదు. చెయ్యి ఒళ్లోనే ఉంది. కన్ను చికిలించలేదు. మెడ వంచలేదు.

"మంచిది సారు" అని లేచి దండం పెట్టింది.

బయట బెంచీ మీద కూర్చోబెట్టి మందులు తేవడానికి వెళ్లాను. వరసలో నిలబడి ఫోన్లో వెతికాను. మాస్ అంటే గడ్డ. పాలియేటివ్. ఉపశమన చికిత్స అని ఉంది. రోగం నయం చెయ్యడానికి కాదు, బాధ తగ్గించి ఉన్నన్నాళ్లు హాయిగా ఉంచడానికి చేసే వైద్యం. ఇంతకంటే తేలిగ్గా ఎట్లా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆటోలో ఆమె అడుగుతుందని చూశాను. లింగంపల్లి దాటింది, రామచంద్రాపురం దాటింది, పటాన్‌చెరు దాటింది. "మాస్ అన్నడు సూడు తమ్మీ, సినిమా లెక్క" అని ఒకసారి నవ్వింది. తర్వాత మా అపార్ట్‌మెంటులో నీళ్లు సరిగ్గా వస్తాయా అని అడిగింది.

ఇంటి ముందు ఆటో దిగగానే భర్త ఎదురొచ్చాడు. "ఏమన్నడు?"

"పాలియేటివ్ అంట" అంది ఆమె. "నాకు పాలియేటివ్ అచ్చింది. నొప్పికి గోలీలిచ్చిండు." లోపలికి వెళ్లి తాళాలగుత్తి మేకుకు తగిలించింది.

ఆ మాట వాడంతా పాకింది. కామెర్లొచ్చాయన్నట్టు, షుగరొచ్చిందన్నట్టు, పాలియేటివ్ వచ్చిందన్నారు. కొత్త రోగమట, కడుపులో వస్తుందట. చూడ్డానికొచ్చిన చుట్టాలు నన్ను మెట్ల దగ్గర ఆపి, అది అంటుకుంటుందా అని అడిగేవాళ్లు. ఒకాయన తమ ఊళ్లో పాలియేటివ్‌కు పసరు మందు పోసేవాళ్లున్నారన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. వీళ్లందరినీ నమ్మించడానికి ఆమె కావాలని అలా చెబుతోందా? లేక నిజంగానే అది తన రోగం పేరనుకుంటోందా? అడక్కుండా ఒక్క మాట కూడా మింగని మనిషి ఈ ఒక్కదాన్ని ఎందుకు అడగలేదు?

పటేల్ గారు ఒక పొద్దున గేటు దగ్గర నన్ను పట్టుకున్నాడు. చేతిలో కొడవలి ఉంది, దాని వంక చూస్తూనే అడిగాడు. "సారూ, పాలియేటివ్‌కు మందుందా?"

"నొప్పికి మంచి మందులున్నాయి పటేల్ గారూ" అన్నాను.

ఆయన తలూపి పొలానికి వెళ్లిపోయాడు. పైకెళ్లి మా ఆవిడతో, ఆయనకు చెప్పెయ్యాలేమో అన్నాను. "ఆవిడ చెప్పమన్నారా?" అంది. లేదన్నాను. "ముందు ఆవిడకు తెలుసో లేదో కనుక్కోండి" అంది.

కనుక్కుందామనే దిగాను. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. బాగా చిక్కిపోయింది, చేతులు మాత్రం చకచకా ఆడుతున్నాయి. పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఆ రోజు పెద్ద డాక్టరు చెప్పిన మాట..."

"మంచిగ చెప్పిండు గాయన. నొప్పి లేకుండ సూస్తమన్నడు. నాకు గదే సమజ్ అయింది."

"మిగతాది?"

ఆమె నా ముఖంలోకి చూసింది. ఏమీ దాచనట్టే ఉంది ఆ చూపు. ఏమీ తెలియనట్టు కూడా ఉంది. "మిగిలింది నీకు సమజ్ అయిందా తమ్మీ?" అంది.

అయిందన్నాను. తర్వాత కాలేదేమో అన్నాను. ఆమె దోసెడు కాయలు నా ముందుకు తోసి, "ఇవి గూడ తియ్యి జెర" అంది.

నొప్పి మందులిచ్చే నర్సమ్మ వారానికోసారి ఇంటికొచ్చేది. డాక్టరు చెప్పిన మాట తప్పలేదు. చివరికంటా పెద్దగా బాధ పడలేదు. చలికాలం పోతుండగా ఒక ఉదయం టీ తాగి, మళ్లీ పడుకుని, నిద్రలోనే వెళ్లిపోయింది. అప్పటికి మేం కిష్టారెడ్డిపేట వెళ్లిపోయాం. కబురు తెలిసి పరుగెత్తాం. వెనక గదుల వాళ్లందరూ డ్యూటీ మానుకుని పాడె మోశారు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక పటేల్ గారు నన్ను పెరట్లోకి పిలిచాడు. బయట టెంటు విప్పుతున్న చప్పుడు. గోడవారగా రెండు కుర్చీలు వేసి కూర్చోమన్నాడు.

"సారూ, గది క్యాన్సరే గద?"

ఇక దాచడానికేముంది? అవునన్నాను.

"నాకు ఎర్కనే" అన్నాడు. "నర్సమ్మను మొదటిసారే గేటు కాడ అడిగిన. పురాగ చెప్పింది. ఎన్ని దినాలుంటదో గూడ ఎవరు చెప్పలేరన్నది."

"మరి నన్ను మందుందా అని అడిగారు?"

"మా ఆయనకు ఎర్కనా అని ఆమె నిన్ను అడుగుతదనుకున్న. నాకు ఎర్కలేదని నువ్వు ఆమెకు చెప్తవని. ఆమె పాలియేటివ్ పాలియేటివ్ అని తిరుగుతున్నది, పాపం ఎర్కలేనట్టుంది, ఉండనీయి, నాకెర్కని తెలిస్తె పరేషానైతది అనుకున్న." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఆమెకు ఎర్కుండెనా సారు? నువ్వు వెంట ఉన్నవ్ గద."

నేను ఆ ఆస్పత్రి గది, ఆ ఆటో, ఆ అరుగు, అన్నీ మళ్లీ ఒకసారి లోపల తిరిగి వచ్చాను. "తెలీదు పటేల్ గారూ" అన్నాను.

ఆయన లేచి, బాత్రూం రేకుల మీదికి పాకిన సొరపాదు దగ్గరకు తీసుకెళ్లాడు. కాయలన్నీ తెంపేశారు, ఆకులు వడలిపోతున్నాయి. ఒక్క సొరకాయ మాత్రం, పెద్దది, తీగకే ఉండి రేకు అంచు మీద ఒరిగి ఉంది.

"పోయేదానికి ముందు దినం నన్ను పిలిచి, గీ కాయ తెంపకు, విత్తనానికి ఉండనీయి అన్నది. ఇగ తాను ఉండదని ఎర్కయ్యి, నా కోసం ఉంచిందా సారు? లేకుంటె వానకాలం తానే పెడతననుకున్నదా?"

నేను చెయ్యి చాచి ఆ కాయను మెల్లగా కదిపాను. లోపల గింజలు ఎండితే గలగలమని చప్పుడొస్తుంది. ఇంకా పచ్చిగానే ఉంది. ఏ చప్పుడూ రాలేదు. ఆయన ఆ కాయ కింద రేకు మీద మెత్తగా ఉండేలా ఇంత గడ్డి తెచ్చి సర్దాడు.